వేరేవాళ్ల చేత కార్డు పంచ్ చేయిస్తే ఏకంగా డిస్మిస్ చేయడం కరెక్టేనా?

జీడిమెట్ల_షిఫ్ట్:
మా పక్క యూనిట్లో పదేళ్లు దాటి చేస్తున్న ఒకాయన్ని పోయిన వారం తీసేశారు. ఐదున్నరకే ఇంటికెళ్లిపోయి, ఏడున్నరకి ఫ్రెండ్ చేత తన కార్డు పంచ్ చేయించుకుని రెండు గంటల ఓటీ (ఓవర్‌టైమ్) రాయించుకున్నాడు, గేటు సీసీటీవీలో దొరికాడు. తప్పే, కాదనను. కానీ దొరికింది మొదటిసారి కదా, ఇంక్రిమెంట్ ఆపొచ్చు, డబ్బు రికవరీ చేయొచ్చు. మీరేమంటారు?

హెచ్ఆర్_పద్మ:
లేటుగా రావడం వేరు, ఇది వేరండి. చేయని పనికి జీతం తీసుకోవడం మోసం, స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే కంపెనీ సర్వీసు రూల్స్‌లో, దొంగతనం పక్కనే రాసి ఉంటుంది. ఓటీకి డబుల్ రేటు కాబట్టి రెండు గంటలంటే నాలుగు గంటల జీతం. ఇది వదిలేస్తే నిజంగా ఏడున్నర దాకా నిలబడి చేసినవాడికి ఏం చెప్పాలి?

కార్మికుడు77:
మేడమ్, అదే ఆర్డర్స్‌లో శిక్ష వేసేముందు తప్పు తీవ్రత, పాత రికార్డు చూడాలని కూడా ఉంది కదా. చార్జిషీట్ ఇచ్చారా, ఎంక్వైరీలో ఫుటేజ్ ఆయనకి చూపించారా? శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం 1971లోనే, 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ పెట్టి లేబర్ కోర్టుకి ఇచ్చారు, కాకపోతే అక్కడ తేలేసరికి ఏళ్లు పడుతుంది, అందాకా ఇల్లెలా గడుస్తుంది? ఇంకోటి, నేను చేసిన చోట ఓటీ లిమిట్ దాటినట్టు కనబడకూడదని ఆరింటికి అందరి చేతా అవుట్ పంచ్ కొట్టించి మళ్లీ లైన్ మీదకి పంపేవాళ్లు. అదీ దొంగ లెక్కే, దానికి ఒక్క మేనేజర్ ఉద్యోగమైనా పోయిందా?

హెచ్ఆర్_పద్మ:
అది ఇంకా పెద్ద తప్పు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి కంప్లైంట్ ఇవ్వాల్సిందే. దాన్ని చూపించి ఇది మాఫీ చేయమంటే మాత్రం ఒప్పుకోను. ఎంక్వైరీ లేకుండా తీసేస్తే తప్పని నేనూ అంటాను.

కార్మికుడు77:
గ్రాట్యుటీ సంగతి కూడా చూడండి. నైతికంగా దిగజారిన నేరమని తేల్చి డిస్మిస్ చేస్తే, క్రిమినల్ కోర్టులో శిక్ష పడకపోయినా గ్రాట్యుటీ ఆపొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు గంటల ఓటీకి పదేళ్ల గ్రాట్యుటీ పోవడం న్యాయమా?

జీడిమెట్ల_షిఫ్ట్:
ఎంక్వైరీ ఏం జరగలేదన్నా, రూములో కూర్చోబెట్టి ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారంట.

కార్మికుడు77:
ముందు ఆ కాగితం కాపీ అడగమను. రాజీనామా అని రాసి ఉంటే కేసు మొత్తం వేరే అయిపోతుంది, బలవంతంగా రాయించారని ఆయనే రుజువు చేసుకోవాలి. లేట్ చేయకుండా లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా పెట్టమను.