రొయ్య పిల్ల కోసం వాడే పొడి ఆల్గేనా, బూజా? సముద్రంలోని కర్బనంతో దానికేం పని?

ఉప్పాడ హేచరీ:
వెనామీ రొయ్యల హేచరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. రొయ్య పిల్లకు మేతయ్యే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవుల గుడ్లు పొదిగాక వాటికి షైజోకైట్రియం పొడి మేపి, ఆ తర్వాత రొయ్య పిల్లకు వేస్తాం. డబ్బా మీద ఆల్గే అని రాసి ఉంది. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఆ పేరు చూసి "నాన్నా, కైట్రియం అంటే బూజు జాతి పేరులా ఉంది, ఇది ఆల్గే ఎలా అయింది?" అంది. ఇలాంటి జీవులు సముద్రంలో కర్బనం లెక్కనే మారుస్తున్నాయని కూడా ఎక్కడో చదివిందట. నేను నీళ్లు నమిలాను. ఇంతకీ ఇది ఏ జాతి? గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి దాస్తుందా?

బందరు కాలువ:
డబ్బా మీద ఆల్గే అని ఉంటే ఆల్గేనే కదండీ. ఆల్గే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. అంటే మీరు రొయ్యలు మానేసి కర్బనం దాచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చు!

పుప్పొడి మాస్టారు:
క్రెడిట్లు కాస్త ఆపండి. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, డబ్బా రాతలను అంత తేలిగ్గా వదలను.

హేచరీ మిత్రమా, మీ అమ్మాయి అడిగింది అసలైన ప్రశ్న. ఇది ఆల్గే కాదు, ఎందుకంటే పచ్చదనం లేదు, వెలుగుతో ఆహారం వండుకోలేదు. ఫ్యాక్టరీల్లో దీన్ని చీకటి స్టీలు ట్యాంకుల్లో చక్కెర పోసి పెంచుతారు. మీ డబ్బాలోని పొడి సముద్రాన్ని చూడనే లేదు. దానిలోని కర్బనం ఏ మొక్కజొన్న చేలోనో, చెరకు తోటలోనో గాలి నుంచి దిగినది.

పోనీ బూజా అంటే, అదీ కాదు. బూజుల కణగోడలో ఉండే కైటిన్ దీనికి లేదు. బూజులు చుట్టరికంలో జంతువులకు, అంటే మనకు, దగ్గర. ఇదేమో డయాటమ్‌లనే ఒంటికణపు నాచులకు, సముద్రపు గోధుమ రంగు నాచులకు దాయాది. బతుకు మాత్రం బూజుదే: కణం అడుగు నుంచి సన్నని దారాల వల వదిలి, ఎంజైములు కక్కి, చచ్చిన ఆకును బయటే కరిగించి పీల్చుకుంటుంది. ఈ బంధువర్గాన్ని థ్రాస్టోకైట్రిడ్‌లు అంటారు. పాతకాలపు పుస్తకాలు బూజుల అధ్యాయంలో చేర్చాయి, నేనూ చాలా ఏళ్లు అలాగే బోధించాను. ఆ పాపంలో నా వాటా ఉంది.

కర్బనం సంగతికి వస్తాను. కోరింగ మడ అడవిలో ఆకు రాలి నీళ్లలో పడగానే దాని మీదికి మొదట చేరేవాళ్లలో ఇవి ఉంటాయి. మడ ఆకు తోలులా ఉంటుంది, పీతకైనా రొయ్య పిల్లకైనా నేరుగా సహించదు. ఇవి దాన్ని తిని తమ ఒంట్లో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు నింపుకుంటాయి. ఆ ఆకు తునకను తినే జీవికి అప్పుడది మంచి మేత. మీరు ఆర్టీమియాతో చేస్తున్నది మడ అడవి చేసే పనే, కాకపోతే మీ దగ్గర బిల్లు వస్తుంది.

ఉప్పాడ హేచరీ:
బిల్లు మాట నిజం మాస్టారూ! అంటే ఇది కార్బన్‌ను దాచదు, తింటుంది. అలాంటప్పుడు సముద్రానికి లాభమా, నష్టమా?

పుప్పొడి మాస్టారు:
ఎక్కడ తింటుందనే దాన్ని బట్టి ఉంటుంది. తిన్నదానిలో కొంత శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, కొంత ఒంటికి పడుతుంది. పై వంద మీటర్లలో జరిగితే ఆ వాయువు త్వరగా గాలికి తిరిగి చేరవచ్చు. వెయ్యి మీటర్ల కింద జరిగితే ఆ నీరు మళ్లీ పైకి రావడానికి వందల ఏళ్లు పడుతుంది. కాబట్టి తినేవాడి కంటే పళ్లెం ఎంత లోతులో ఉందన్నదే ముఖ్యం.

మన బంగాళాఖాతంలో ఒక విశేషం ఉంది. గంగ, గోదావరి లాంటి నదులు మోసుకొచ్చే బురద రేణువులు ప్లవకాలకు, అంటే నీళ్లలో తేలే చిన్న జీవులకు, అవి చచ్చాక అంటుకుని బరువెక్కిస్తాయి. దాంతో అవి తమలోని కర్బనంతో సహా త్వరగా లోతుకు మునుగుతాయి. వరద గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలిశాయని పత్రికలు రాసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

లోతు నీళ్లు:
మాస్టారి మాటకు తోడుగా ఒకటి. పై నుంచి రాలే ఈ తునకలను సముద్రపు మంచు అంటారు. 2017లో బోచ్‌డాన్‌స్కీ అనే శాస్త్రవేత్త బృందం 1000 నుంచి 3900 మీటర్ల లోతు నుంచి ఆ రేణువులను నలగకుండా తెచ్చి చూసింది. వాటి మీది జీవుల మొత్తం బరువులో బ్యాక్టీరియాదే పైచేయి అనుకుంటాం. అక్కడ బూజులు, ఈ థ్రాస్టోకైట్రిడ్‌ల బంధువులదే పైచేయిగా తేలింది.

సంఖ్య చూస్తే నమ్మబుద్ధి కాదు, పరిమాణం చూడాలి. అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బ్యాక్టీరియా పక్కన పది మైక్రాన్ల కణం పెట్టండి. అడ్డంగా ఇరవై రెట్లు, అంటే ఘనపరిమాణంలో 8000 రెట్లు. తలలు లెక్కపెట్టేవాడికి అది ఒక తలే.

పుప్పొడి మాస్టారు:
8000 లెక్క బాగుంది, క్లాసులో నాకు తట్టి ఉంటే బాగుండేది. గుర్తుపట్టడం కూడా కష్టమేనండి. సూక్ష్మదర్శినిలో కనబడేందుకు కణాలకు వేసే మామూలు రంగు అద్దకంలో ఇవి పక్కనున్న ఇతర గుండ్రటి కణాల్లో కలిసిపోతాయి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన శేషగిరి రఘుకుమార్ మరొక శాస్త్రవేత్తతో కలిసి 1993లో అక్రిఫ్లేవిన్ రంగుతో వీటిని నేరుగా లెక్కపెట్టే పద్ధతి ప్రకటించారు. అంతకుముందు చాలామందికి పుప్పొడి ఎరే దిక్కు.

బందరు కాలువ:
క్రెడిట్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఈ కుటుంబంలో దొంగలు కూడా ఉన్నారటగా?

లోతు నీళ్లు:
ఉన్నారు. లాబిరింథులా అని దగ్గరి బంధువు. 1930లలో ఉత్తర అట్లాంటిక్ తీరాల్లో సముద్రపు గడ్డి మైదానాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తెగులుకు కారణమైన జీవికి 1991లో లాబిరింథులా జోస్టెరే అని పేరు పెట్టారు. ఆ గడ్డి తన వేళ్ల కింది బురదలో కర్బనాన్ని పాతిపెట్టుకునే రకం. కాబట్టి ఈ వంశాన్ని మెచ్చుకునేటప్పుడు కాస్త చూసుకుని మెచ్చుకోవాలి.

ఉప్పాడ హేచరీ:
మా అమ్మాయికి అన్నీ చదివి వినిపించాను. ఆ పుప్పొడి ఎర ఏమిటో, ఇంట్లో చేయవచ్చో అడుగుతోంది.

పుప్పొడి మాస్టారు:
చేయవచ్చు. గాజు పళ్లెంలో ఉప్పుటేరు నీళ్లు పోసి పైన్ పుప్పొడి చిటికెడు చల్లాలి. నాలుగైదు రోజుల్లో రేణువుల అంచుకు గుండ్రటి బుడిపెల్లా అంటుకుంటాయి, కాలేజీ సూక్ష్మదర్శిని చాలు. మన కోస్తాలో పైన్ చెట్లు ఎక్కడివి? అప్పట్లో ఊటీ వెళ్లిన ప్రతి విద్యార్థికీ ఒక కాగితం పొట్లం ఇచ్చి పంపేవాణ్ణి, చాక్లెట్లు తెచ్చారు గానీ పుప్పొడి తెచ్చినవాళ్లు ఇద్దరే. నీళ్లు మాత్రం హేచరీ కాలువలో వద్దు, అక్కడ క్లోరిన్ వేస్తారు కదా. ఆటు సమయంలో రాలిన మడ ఆకులు ఆగే మూల చూసి, ఒక నల్లబడిన ఆకు ముక్కతో సహా పట్టమనండి.