సాలిహుండం కొండ గుడా, కాదా?

వంశధార గట్టు:
మొన్న ఆదివారం అమ్మని సాలిహుండం తీసుకెళ్లాను, అదే వంశధార ఒడ్డున కొండ మీదున్న పాత బౌద్ధ క్షేత్రం. స్తూపం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, కొంగుముడి విప్పి కర్పూరం బిళ్ల తీసింది. కాపలా ఆయన గబగబా వచ్చి "ఇక్కడ వెలిగించకూడదమ్మా, ఇది గుడి కాదు" అన్నాడు. వెలిగించొద్దన్నందుకు నాకేం బాధ లేదు. ఆ రెండో మాటే మింగుడు పడలేదు. పూజ ఆగిపోతే గుడి గుడి కాకుండా పోతుందా? పురావస్తు శాఖ పద్ధతి తెలుసు. వాళ్ల చేతికొచ్చేనాటికి పూజ నడుస్తుంటే నడవనిస్తారు, లేకపోతే కొత్తగా మొదలెట్టనివ్వరు. శ్రీముఖలింగం శివాలయం కూడా వాళ్ల రక్షణలోనే ఉంది, మధుకేశ్వరుడికి అభిషేకాలు ఆగలేదు. కాగితం మీద ఆ లెక్క సరే. నేనడిగేది చోటు సంగతి.

ధ్వజస్తంభం:
ఆ కాపలా ఆయనే కరెక్టు. గోపురం, గోడలు ఉంటే గుడి అయిపోదు. మన గుళ్లు బాగుచేసేటప్పుడు ఏం చేస్తారు? కళాకర్షణ చేసి, మూలవిరాట్టులోని శక్తిని కుంభంలోకి తీసి, పక్కన బాలాలయం కడతారు. పని పూర్తయ్యేదాకా ఆరాధన ఆ చిన్న పాకలోనే. అన్నాళ్లూ పెద్ద గుడి ఒట్టి రాతికట్టడమే, మేస్త్రీలు గర్భగుడిలోకి కూడా వెళ్లి పనిచేస్తారు. మన సొంత గుడికే ఆ నియమం ఉంటే, వందల ఏళ్లుగా దీపం లేని కొండని గుడి అనడం ఎలా?

టెక్కలి బస్టాండు:
మాట దగ్గరే తేడా ఉంది. మాది క్రైస్తవుల ఇల్లు. మా అమ్మమ్మ ఆదివారం "గుడికెళ్లొస్తాను" అనే బయల్దేరుతుంది. కేథలిక్కులు చర్చి బోర్డు మీద "దేవాలయం" అనే రాసుకుంటారు. అక్కడ మూలవిరాట్టూ లేదు, కళాకర్షణా లేదు. శ్రీకాకుళంలో 1641 నాటి జామియా మసీదు ఉంది కదా, ఏ మసీదులోనైనా గోడలోని మిహ్రాబ్ ఖాళీ గూడే, మక్కా దిక్కు చూపిస్తుందంతే. ఆగమం, అంటే మీ గుడి పూజల శాస్త్రం, ఆ కొలబద్ద ఆగమం గుళ్లకే సరిపోతుంది అన్నా.

నాగావళి నీరు:
ఏటి బావూ, మసీదుకి స్తూపానికి ముడెట్టేస్తున్నారు! నేనైతే ఇంతే సెప్తాను, జనం లేకపోతే దేవుడున్నా గుడి పాడుబడ్డట్టే.

నెల్లిమర్ల:
మా రామతీర్థం రండి. రాముడి కోవెలకి జనం బారులు. పక్కనే గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారం పునాదులున్నాయి, అక్కడికి పిక్నిక్‌లకి పోతారు. చిప్స్ కవర్లు ఏరింది నేనే.

ధ్వజస్తంభం:
అదే నేనంటున్నదీ. జనమే తేల్చేశారు.

వంశధార గట్టు:
తేల్చలేదండీ. యెరూషలేం గుడిని రోమన్లు 70వ సంవత్సరంలో కూల్చారు. బలులు ఆగిపోయాయి, యాజకుల పని పోయింది. మీ లెక్కన అది ఆనాడే ముగిసిపోవాలి. యూదులు ఇప్పటికీ ఏ దేశంలో ఉన్నా ప్రార్థనకి ఆ దిక్కుకే తిరుగుతారు. పైగా ఊరూరా కట్టుకున్న సినగాగులు, అంటే వాళ్ల ప్రార్థన మందిరాలు, దానికి బదులనీ చాలామంది అనుకోరు.

బాలాలయం మాట ఒప్పుకుంటాను, మంచి పాయింటే. కానీ కుంభంలోకి శక్తిని తీసేవాడంటూ ఒకడుండాలి కదా? సాలిహుండంలో ఆ తంతు ఎవరు చేశారు? గిడుగు రామమూర్తి గారు 1919లో ఆ చోటుని గుర్తించారు, తర్వాత తవ్వకాల్లో ధాతు కరండాలు, అంటే పూజ్యమైన అవశేషాలు (ధాతువులు) దాచిన భరిణెలు, బయటపడ్డాయి. స్తూపానికి ప్రాణం ఆ ధాతువే. దాన్ని బయటికి తీసింది పురావస్తు శాఖ, మంత్రం చదివి కాదు, పార పట్టుకుని. ఇక్కడ నాకూ తెగడం లేదు.

టెక్కలి బస్టాండు:
ఇంతకీ మీ అమ్మగారు ఏమన్నారు?

వంశధార గట్టు:
ఏమీ అనలేదు. కర్పూరం మళ్లీ కొంగులో కట్టేసుకుంది. కొండ ఎక్కేటప్పుడే చెప్పులు కింద మెట్టు దగ్గర విప్పేసింది. దిగేసరికి పన్నెండు దాటింది, రాళ్లు కాలిపోతున్నాయి, నా చెప్పులిస్తే వేసుకోలేదు.