అప్‌డేట్: యవ్వనస్థుల కళింగపట్నం ట్రిప్పు – బాధ్యత ఎవరిదని అడిగాను కదా

అందరికీ వందనాలు. మా చర్చి పిల్లల్ని శ్రీకాకుళం నుంచి కళింగపట్నం తీసుకెళ్తున్నాం, ఏదైనా జరిగితే మాది బాధ్యత కాదని తల్లిదండ్రుల చేత స్టాంపు పేపరు మీద రాయించుకుంటే సరిపోతుందా అని నెల క్రితం అడిగాను. వెళ్లొచ్చాం, అందరూ క్షేమం.

లాయరును కలవమన్నవాళ్లకి థ్యాంక్స్. స్టాంపు పేపరు అనగానే ఆయన నవ్వేశారు. మన అజాగ్రత్త వల్ల పిల్లలకి ఏదైనా అయితే ఆ సంతకం మనల్ని కాపాడదు. మామూలు కాగితం మీదే ఫోన్ నంబరు, మందుల వివరాలు రాయించమన్నారు. ఒకమ్మ మూలన చిన్న అక్షరాలతో "రాత్రి ఫిట్స్ మాత్ర వెయ్యాలి" అని రాసింది. రెండేళ్లుగా వస్తున్న కుర్రాడు, మాకెవరికీ తెలీదు!

అసలు చిక్కు బండి దగ్గర బయటపడింది. సంఘ పెద్ద ఒకాయన తన పికప్ బండి ఊరికే ఇస్తానన్నారు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కిస్తే మామూలుగా వాళ్లకి ఇన్సూరెన్స్ వర్తించదట. పసుపు నంబరు ప్లేటున్న మినీ బస్సు మాట్లాడుకున్నాం. పెద్దాయన ఇంకా మొహం ముడుచుకునే ఉన్నారు. వంశధార సముద్రంలో కలిసే చోట ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వలేదు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) గురించి చెప్పినవాళ్లదీ నిజమే. 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చర్చిలో కూర్చుని సర్దుబాటు చేసుకునే వీల్లేదు. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడకి అంటించాం.