ట్రిప్టిక్ అంటే మూడు బొమ్మలేనా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఫ్రేములు కట్టే షాపుకి పోతే, హాల్లో పక్కపక్కన తగిలించే మూడు ముక్కల పెయింటింగ్ చూపించి "ఇది ట్రిప్టిక్ సార్" అన్నాడు, రేటు కూడా అలాగే చెప్పాడనుకోండి. అసలు ఆ మాటకి అర్థం ఏంటి, ఎక్కడి నుంచి వచ్చింది?

కావలి కుర్రోడు: గ్రీకు మాట బ్రో. ట్రి అంటే మూడు, టిక్ అన్నది మడత అనే మాట నుంచి వచ్చింది. అంటే మూడు మడతలది. రోమన్ల కాలంలో మైనం పూసిన మూడు చెక్క పలకల్ని కలిపి కట్టి రాసుకునేవాళ్లు, వాటినీ ఇలాగే పిలుస్తారు. తర్వాత చర్చిల్లో బలిపీఠం మీద పెట్టే బొమ్మలకు ఈ పేరు బాగా అతుక్కుంది. నడిమి పలక పెద్దది, అటూ ఇటూ రెండు రెక్కలు, కీళ్ల మీద తలుపుల్లా మూసుకుంటాయి. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో బాష్ అనే పాతకాలపు చిత్రకారుడు వేసిన 'గార్డెన్ ఆఫ్ ఎర్త్లీ డిలైట్స్' అయితే, రెక్కలు మూసినా వెనకవైపు సృష్టి బొమ్మ కనపడుతుంది!

ఒంగోలు అక్క: రాజస్థాన్ కావడ్ చూశారా, బొమ్మలేసిన తలుపులుండే చెక్క పెట్టె? తలుపులు ఒక్కొక్కటే తెరుస్తూ కథ చెప్తారు. పలకలు మూడు కంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి దాన్ని ట్రిప్టిక్ అనలేం, పద్ధతి మాత్రం దగ్గరిదే.

అడిగినాయన: అయితే మడత లేని నా పెయింటింగ్‌ని ట్రిప్టిక్ అనకూడదా?

కావలి కుర్రోడు: అనొచ్చు. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1944లో వేసినదానికి కీళ్లు లేవు, అయినా ట్రిప్టిక్ అనే అంటారు. మూడూ కలిపి ఒకటిగా చూడాలి, అంతే. తెలుగులో త్రిఫలకం అనొచ్చు. తిక్కన గారి ఊరోళ్లం, కవిత్రయంలాగా చిత్రత్రయం అన్నా నాకు ఓకే. రేటు మాత్రం గట్టిగా బేరమాడు.