డూమ్‌కు ఎన్ని రేవులు? ‘పోర్ట్’ అనే మాటకు తెలుగు

ప్రశ్న

అందరికీ నమస్కారం. కంప్యూటర్ ఆటల చరిత్ర మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 1993 డిసెంబరు 10న ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ‘డూమ్’ గురించి. మన కళ్లతోనే చూస్తున్నట్టు, తెర మీద తుపాకీ పట్టిన చేతులు మాత్రమే కనిపిస్తూ సాగే ఆటల్లో ఇది పెద్దముత్తైదువ లాంటిది. పీసీ కోసం చేసిన ఆ ఆట, మూడు నాలుగేళ్లు తిరిగేసరికి టీవీకి తగిలించుకునే కన్సోళ్లలోకి ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లింది. అటారి జాగ్వార్, సెగా 32ఎక్స్, సూపర్ నింటెండో, ప్లేస్టేషన్, త్రీడీఓ, శాటర్న్. ఒక యంత్రానికి రాసిన ఆటను ఇలా మరో యంత్రంలో నడిచేలా చేస్తే, దాన్ని ఇంగ్లీషులో ‘పోర్ట్’ అంటారు.

ఇక్కడే నా బండి ఆగింది. యంత్రానువాదంలో పెడితే ‘డూమ్ రేవులు’ అని వచ్చింది. ‘జాగ్వార్ రేవు’ అని చదివితే పెద్దపులి నీళ్లు తాగడానికి దిగే చోటు గుర్తొచ్చింది గానీ ఆట గుర్తు రాలేదు. ‘రూపాంతరం’ అని రాసి చూశాను. అది గొంగళిపురుగుకు బాగుంటుంది, దీనికి అతకడం లేదు. సరైన మాట తోస్తే చెప్పండి. ‘పోర్ట్ అనే ఉంచేయండి’ అనే సలహా ఆఖరుకు దాచుకుందాం.

స్పందన

అమ్మా, రేవు ఎందుకు తప్పో ముందు తేల్చుకుందాం. లాటిన్‌లో ‘పోర్టుస్’ అంటే ఓడరేవు, ‘పోర్టారే’ అంటే మోయడం. స్టేషన్‌లో ఎర్రచొక్కా వేసుకున్న పోర్టరు, ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, ఇవన్నీ మోతవారి సంతానం. ఒక యంత్రం మీద నుంచి మరొక యంత్రానికి మోసుకుపోదగిన ప్రోగ్రామును ‘పోర్టబుల్’ అన్నారు, మీ ‘పోర్ట్’ ఆ ఇంటిదే. విశాఖపట్నం పోర్టుతో దీనికి దగ్గరి చుట్టరికం లేదు.

నా మటుకు నాకు ‘తెనిగించడం’ గుర్తొస్తుంది. మన భారతకవులు వ్యాసుణ్ణి మాటకు మాట దించలేదు. 700 శ్లోకాల భగవద్గీతను తిక్కన కొద్ది పద్యాలలో ముగించాడు. పట్టినంత తీసుకున్నాడు, పట్టనిది వదిలేశాడు. అలా కాక మూలాన్ని గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో శ్రీనాథుడి చాటుకథ చెబుతుంది. ఆయన నైషధం విన్న సంస్కృత పండితులు ‘నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్’ అన్నారట. డుమువులంటే సంస్కృత మాటల చివర తగిలించిన డు, ము, వు, లు. కాబట్టి ‘అనువాదం’ లేదా ‘అనుసరణ’ అనండి, చాలు.

స్పందన

మాస్టారూ, నమస్కారం. చిప్పులకు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి, కాస్త పొడవుగా రాస్తాను, మన్నించండి. అనువాదకుడికి మూలం చేతిలో ఉంటుంది. సూపర్ నింటెండో డూమ్ చేసిన రాండీ లిండెన్‌కు అది లేదు. ఇడ్ వారు రాసిన అసలు ప్రోగ్రాము, అంటే సోర్స్ కోడ్, లేకుండానే, ఆట నడక చూసి దాన్ని నడిపే ‘రియాలిటీ’ అనే సొంత ఇంజను రాసుకున్నాడు. 1995లో అది వచ్చింది. ఆ కన్సోల్‌కు అంత లెక్క చేసే బలం లేదు కాబట్టి, క్యాసెట్‌లోనే సూపర్ ఎఫ్‌ఎక్స్ 2 అనే అదనపు చిప్పు పెట్టారు. ఇంటికి వచ్చే చుట్టం వంటవాణ్ణి కూడా వెంట తెచ్చుకున్నట్టు. అంత చేసినా నేల మీది రాళ్లు, పైకప్పు నమూనాలు పోయి ఒట్టి రంగు మిగిలింది. రాక్షసులకు పక్క బొమ్మలు, వీపు బొమ్మలు తీసేశారు, ఎటు నుంచి వెళ్లినా ముఖం మన వైపే పెట్టి ఉంటారు. దీన్ని అనువాదం అనగలమా? హరికథ విని ఇంటికొచ్చి సొంతంగా బుర్రకథ కట్టినట్టుంది.

జాగ్వార్ కథ వేరు. 1994 నవంబరులో వచ్చిన దాన్ని మూలకర్త జాన్ కార్మాకే స్వయంగా చేశాడు. కన్సోళ్ల కోసం కుదించిన లెవెళ్లు ఆ తర్వాత వచ్చిన కొన్ని పోర్ట్‌లకు కూడా పనికొచ్చాయి. అయినా ఆట సాగుతున్నంతసేపూ పాట వినిపించదు. సంగీతం వాయించవలసిన చిప్పుకు ఆట లెక్కలు అప్పగించాడు మరి. సన్నాయి వాయించడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి చదివింపుల పద్దు రాయమన్నట్టు. లెవెల్ పూర్తయ్యాక మాత్రం ఆ చిప్పుకు తీరిక దొరికి కాస్త వాయిస్తుంది.

అదే నెలలో వచ్చిన 32ఎక్స్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పీసీలో 27 లెవెళ్లుంటే ఇందులో 17. తెర చుట్టూ చట్రం కట్టి చిన్న కిటికీలో ఆడించారు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది 1995 నాటి ప్లేస్టేషన్ డూమ్. ఇది పోగొట్టుకున్న వాటికంటే సంపాదించుకున్నవి ఎక్కువ. గదుల్లోకి రంగురంగుల వెలుతురు వచ్చింది. బాబీ ప్రిన్స్ కట్టిన దూకుడు బాణీలు తీసేసి, ఆబ్రీ హాడ్జెస్ చేత చీకటి గుహలో గాలి మూలిగినట్టుండే ధ్వనులు చేయించారు. ఆర్చ్‌వైల్ అనే రాక్షసుణ్ణి మాత్రం వదిలేశారు, వాడి కదలికల బొమ్మలన్నీ మెమరీలో పట్టలేదు. మాస్టారూ, ఇక్కడ రసమే మారిపోయింది. పీసీలో ఆడితే రౌద్రం, ఇందులో భయానకం. గోడలు అవే, తలుపులు అవే. దీనికి మీ ‘అనుసరణ’ చాలుతుందా?

స్పందన

‘పరకాయ ప్రవేశం’ అనండి. శంకరాచార్యుల వారు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించినట్టు, డూమ్ ఆత్మ జాగ్వార్ శరీరంలో ప్రవేశించింది. ఇంతకంటే అందమైన మాట దొరకదు.

స్పందన

అందంగానే ఉంది, అన్నగారూ, కానీ పరకాయ ప్రవేశంలో అసలు శరీరం అచేతనంగా పడి ఉండాలి, శిష్యులు దానికి కాపలా కాయాలి. ఇక్కడ పీసీ డూమ్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంది. పైగా ‘ఎమ్యులేటర్’ అని ఇంకొకటి ఉంది. అందులో ఆటను ముట్టుకోరు. కొత్త యంత్రమే పాత యంత్రంగా నటిస్తుంది. దానికి ‘పగటివేషం’ అని నేను ఎప్పుడో పేరు పెట్టుకున్నాను, ఎవరూ వాడటం లేదు, అది వేరే బాధ.

స్పందన

‘దింపు’ ఎలా ఉంది? బరువు దించుతాం, పరీక్షలో పక్కవాడి కాగితం చూసి దించుతాం. మోత, నకలు రెండూ ఒకే మాటలో వచ్చేశాయి. మాస్టారు చెప్పిన ఇంపోర్టుకు మనం ‘దిగుమతి’ అనే కదా అంటున్నాం.

స్పందన

డౌన్‌లోడుకు ‘దింపుకోలు’ అని ఇప్పటికే కొందరు వాడుతున్నారు, రెండూ కలగాపులగం అవుతాయి. ఇంకో చిక్కు ఏమిటంటే ‘డూమ్ దింపుడు’ అనగానే నాకు దింపుడుకళ్లం గుర్తొస్తోంది.

స్పందన

ఒక పోర్ట్‌కు ఆ పేరు న్యాయంగానే చెందుతుంది లెండి. 1997లో వచ్చిన శాటర్న్ డూమ్. జిమ్ బాగ్లీ ఆ కన్సోల్‌లోని బొమ్మలు గీసే చిప్పులను వాడుకుని చకచకా నడిచేలా తయారుచేశాడు. ఆ పద్ధతిలో గోడల మీది నమూనాలు వంకరపోతాయని కార్మాక్ ఒప్పుకోలేదు. మొత్తం ప్రాసెసర్ల చేతే గీయించవలసి వచ్చింది. ఫలితంగా ఆట కుంటుతూ నడిచింది. ప్రాణం ఉందో లేదో అని మూడుసార్లు చెవిలో పిలిచి చూడవలసిన పరిస్థితి.

స్పందన

మాది వ్యవసాయ కుటుంబం. ఈ ఆట నేను ఆడలేదు, మీరంతా రాసింది చదివాను. నాకైతే ఇది నాట్లు వేయడంలాగే ఉంది. నారుమడిలో పెంచిన నారు పీకి పొలంలో నాటుతాం. నారు ముదిరితే కొసలు తుంచి మరీ నాటుతాం. నాటిన కొన్నాళ్లు పైరు పసుపుపచ్చగా వాలిపోయి ఉంటుంది, వేళ్లు పట్టాక గానీ తేరుకోదు. అదే నారు మంచి మాగాణిలో ఒకలా, చౌడు నేలలో ఇంకోలా వస్తుంది. రకం మారదు, పంట మారుతుంది. ‘డూమ్‌ను ప్లేస్టేషన్‌లో నాటారు’ అంటే తప్పా?

స్పందన

తప్పు కాదు, బాబాయ్ గారూ. మీకు తెలియకుండానే ఇంకో నిజం కూడా చెప్పారు. పీసీ డూమ్‌ను మనమంతా మూలం అనుకుంటున్నాం కదా, దాన్ని రాసింది పీసీ మీద కాదు. ఇడ్ వాళ్లు నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటర్ల మీద రాసి, ఆడించి చూసుకుని, తర్వాత పీసీలను నడిపే డాస్‌కు తెచ్చారు. అంటే నారుమడి నెక్స్ట్. పీసీ కూడా నాటిన పొలమే. ‘రూపాంతరం’, ‘అనువాదం’ అంటే అసలు రూపం ఒకటి ఎక్కడో కూర్చుని ఉండాలి. నాట్ల మాటలో ఆ ఇబ్బంది లేదు, నారుమడిలో పంట పండాలని ఎవరూ అనుకోరు.

ఇంకొకటి. డూమ్ తయారవుతున్న రోజుల్లోనే వాళ్ల అంతకుముందు ఆట ‘వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ’ని సూపర్ నింటెండోకు ఇవ్వవలసి వచ్చింది. ఆ కన్సోల్ మీద పాత పద్ధతి మరీ నెమ్మదిగా నడుస్తుంటే, కార్మాక్ బీఎస్‌పీ అనే విధానం పట్టుకున్నాడు. లెవెల్‌ను ముందే ముక్కలుగా పంచి ఒక చెట్టులా అమర్చి పెట్టుకుంటే, ఏ గోడ ముందు, ఏ గోడ వెనక అనేది ఆట నడుస్తుండగా తేలిగ్గా తేలిపోతుంది. ఆ విధానమే డూమ్‌కు వెన్నెముక అయింది. అంటే చౌడు నేలలో నాటిన పైరు నుంచి ఏరిన గింజ మళ్లీ విత్తనానికి వచ్చింది. (ఆ పోర్ట్‌లో నింటెండో పట్టింపు వల్ల రక్తం తీసేశారు, కాపలా కుక్కలను పెద్ద ఎలుకలుగా మార్చారు. అది నేల గుణం కాదు, భూస్వామి గుణం.)

స్పందన

మరి నామవాచకం? ‘నాటు’ అంటే నాటు కోడి, నాటు సారా. ‘నాటు డూమ్’ అంటే పెరట్లో కాచిన డూమ్ అనుకుంటారు. ‘నాటిక’ అంటే పరిషత్తు పోటీలకు పంపించేస్తారు. మా వైపు నాట్లను ‘ఊడ్పులు’ అంటాం. అది వాడదామంటే ‘డూమ్‌ను జాగ్వార్‌లో ఊడ్చారు’ అని రాయవలసి వస్తుంది, చీపురు పట్టుకున్నట్టు.

అడిగినవారు

కడుపు నిండా నవ్వుకున్నాను, నోటు పుస్తకం కూడా నిండింది. అందరికీ ధన్యవాదాలు. క్రియకు ‘నాటడం’ తీసుకున్నాను. వ్యాసంలో త్రీడీఓ పేరా ఇప్పుడు ఇలా ఉంది, చూసి చెప్పండి:

“1996లో డూమ్‌ను త్రీడీఓలో నాటే పని రెబెకా హైన్‌మన్ ఒక్కరి మీద పడింది. గడువు దాదాపు పది వారాలు. కొత్త తుపాకులు చేర్చాలంటే వాటి బొమ్మలు గీస్తే చాలునని ప్రచురణ సంస్థ అధిపతి అనుకున్నాడు. పాటలు వాయించే ప్రోగ్రాము రాసే తీరిక ఆమెకు లేకపోవడంతో, వాద్యబృందం చేత అవే బాణీలు వాయింపించి రికార్డు చేశారు. ఆట నత్తనడక నడిచింది. పాటలు మాత్రం వినేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని వింటారు.”

నామవాచకం దగ్గర ఓడిపోయాను. ‘పోర్టు’ అనే రాస్తున్నాను, మాస్టారు కోప్పడకూడదు.

స్పందన

పేరా బాగుంది తల్లీ. ‘నత్తనడక నడిచింది’లో రెండు నడకలు వచ్చాయి, ‘నత్తనడకే’ అని ఆపెయ్యి. ‘పోర్టు’ సంగతికి వస్తే, చివర ఉకారం చేర్చావు కదా, నాకు అభ్యంతరం లేదు. వాళ్లు ఎప్పుడైనా వచ్చి అడిగితే ఉకారం మనం ఉంచుకుని మిగతాది ఇచ్చేద్దాం.