చత్వారం: మిషన్ సూదికీ, కటింగ్ టేబుల్‌కీ ఒకే కళ్లద్దాలు సరిపోతాయా?

నాకు 49 ఏళ్లు. రోజుకు ఏడెనిమిది గంటలు బ్లౌజులు కుడతాను. దూరపు చూపు బాగుంది. దగ్గరి చూపుకు రెండు కళ్లకూ +2.00 రాశారు. శుక్లాలు లేవు, కంటి ప్రెషర్, షుగర్ నార్మల్.

టేపు పెట్టి కొలిచాను. మిషన్ సూది నా కంటికి 38 సెంటీమీటర్లు, టేబుల్ మీద చాక్ గీత 70. +2.00 అద్దాలతో సూది, దారం స్పష్టంగా ఉంటాయి కానీ చాక్ గీత అలికినట్టు ఉంటుంది. అద్దాలు తీస్తే గీత కాస్త నయం, టేపు మీద అంకెలు మాత్రం కనపడవు. నల్ల గుడ్డ మీద నల్ల దారమైతే మరీ కష్టం. దీపం దగ్గరగా పెట్టుకున్నాక కొంత మెరుగైంది.

+1.25 రెడీమేడ్ అద్దాలు టేబుల్‌కు బాగున్నాయి, వాటితో సూదిలో దారం ఎక్కించలేను. ప్రోగ్రెసివ్ అద్దాలు (పై నుంచి కిందికి పవర్ మారుతూ దూరం, మధ్య, దగ్గర అన్నీ ఒకే అద్దంలో చూపించేవి) 4 వారాలు రోజంతా పెట్టుకున్నాను, ఫ్రేమ్ రెండుసార్లు సరిచేయించాను. అయినా మెడ బాగా వంచితే తప్ప గీత తేటగా కనపడదు. పైగా తిన్నగా గీసిన గీత పక్కలకు వంగినట్టు కనిపిస్తుంది. నాకు అదే పెద్ద టెన్షన్, కత్తెర పడ్డాక గుడ్డ మళ్లీ రాదు కదా. సాయంత్రం 4 దాటితే తలనొప్పి.

ఇప్పుడు షాపులో, దగ్గరికీ చేతి దూరానికీ మాత్రమే పనికొచ్చే ఆఫీస్ లెన్సులు తీసుకోమంటున్నారు. కుట్టుపని, మగ్గం పని లాంటివి చేస్తూ ఇవి వాడినవాళ్లు చెప్పండి: వీటిలో 70 సెంటీమీటర్ల దూరంలో పొడవాటి గీత తిన్నగానే కనిపిస్తుందా?