కవితాపఠనానికి తోడుగా సంగీతం: మైకు, శ్రుతి, టైము ఎలా సర్దుకోవాలి?

కోటదగ్గర:
విజయనగరంలో నెలకో శనివారం సాయంత్రం కవితాపఠనం పెడదామనుకుంటున్నాం. చోటు ఓ గ్రంథాలయం మేడ మీది హాలు, 60 కుర్చీలు పడతాయి. నెలకి ఆరుగురు, అందరూ ఈ జిల్లావాళ్ళే. వచన కవిత చదివేవాళ్ళు ఎక్కువ, పద్యం పాడేవాళ్ళు ఒకరిద్దరు, మన మాండలికంలో రాసేవాళ్ళు ఇద్దరు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి వాద్యాలకి లోటు లేదు: వేణువు, వయొలిన్, మృదంగం వాయించే విద్యార్థులు ముగ్గురు వస్తామన్నారు. చేతిలో ఉన్నది నెలకి 6,000 రూపాయలు. సంగీతం కవిత వెనక నడవాలా, మధ్యలో రావాలా? మైకులెన్ని కావాలి? గురజాడ, జాషువా, శ్రీశ్రీ కవితలు కూడా ఒక్కోటి చదివిస్తే హక్కుల గొడవ ఏమైనా ఉంటుందా?

మైకుటెస్టింగ్:
మైకుల సంగతి నేను చెప్తాను. 60 మందికి రెండు మామూలు డైనమిక్ మైకులు చాలు, ఒకటి కవికి, ఒకటి వేణువుకీ వయొలిన్‌కీ మధ్య. మృదంగానికి మైకు వద్దు, ఆ హాల్లో ఉత్తినే వినబడుతుంది. సౌండువాళ్ళు కండెన్సర్ మైకు తెస్తామంటే వద్దనండి. చిన్న హాల్లో అది స్పీకర్లోంచి వచ్చే శబ్దాన్నీ పట్టేసుకుని కూత పెడుతుంది. కాలరు మైకూ వద్దు, కాగితం గరగరలన్నీ అందులోకే వెళ్తాయి.

స్పీకర్లు రెండూ కవి కన్నా ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. కవి వెనక గోడకి ఆనించి పెడితే ఎంత తిప్పలు పడ్డా కూత ఆగదు. కూత వచ్చినప్పుడు చాలామంది కంగారుగా మైకు తలని గుప్పిట్లో మూసేస్తారు. దాంతో అది ముందువైపు శబ్దాన్నే కాక నలువైపులదీ తీసుకోవడం మొదలెట్టి కూత ఇంకా పెరుగుతుంది. చెయ్యి తీసి ఓ అడుగు వెనక్కి జరగమనండి.

మైకు స్టాండుకే ఉండాలి. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుంటే కాగితం వణుకుతుంది, మైకు గెడ్డం కిందికి జారుతుంది. ఎదురుగా కాగితం పెట్టుకోడానికి వేరే స్టాండు ఉంచండి. మెల్లగా చదివేవాళ్ళకి నాలుగు వేళ్ళ దూరం, పద్యం ఎత్తి పాడేవాళ్ళకి జానెడు. ఆ మైకుకి మిక్సర్లో లో-కట్ బటన్ నొక్కించండి. ఫ్యాన్ల హోరూ, ప, బ, భ అన్నప్పుడు వచ్చే డబడబలూ తగ్గుతాయి.

ముఖ్యమైనది ఎకో. కవులే "కొంచెం ఎకో పెట్టండి" అని అడుగుతారు. పెట్టకండి. తెలుగులో ఒత్తులూ, పదం చివరి అచ్చులూ ఎకోలో ఒకదాని మీద ఒకటి పడి మూడో వరస నుంచి మాట అర్థం కాదు. వేణువుకి కావాలంటే ఓ చిటికెడు వేసుకోండి.

టెస్టింగుకి "హలో హలో" పనికిరాదు. ప్రతివాళ్ళూ తమ మొదటి చరణం సభలో చదివే గొంతుతోనే చదవాలి. ఖాళీ హాలు మోగుతుంది, జనం నిండాక శబ్దం లోపలికి లాగేసుకుంటారు కాబట్టి తర్వాత కాస్త పెంచాల్సి వస్తుంది. ఆ జాగా ముందే ఉంచుకోండి.

శ్రుతిపెట్టె:
వచన కవిత వెనక సంగీతం నడపకండి అని నా గట్టి అభిప్రాయం. దాని లయ వాక్యం విరుపులో ఉంటుంది. వెనక తాళం మొదలైతే చదివేవారు తెలియకుండానే దానికి అడుగులేస్తారు, విరుపులన్నీ చెడతాయి. తాళం లేని ఆలాపన అయినా చెవి దాని వెంటే పోతుంది. కవికీ కవికీ మధ్య 40 సెకన్ల నుంచి నిమిషం దాకా వేణువో వయొలినో, అది చాలు. అయిపోయిందని వాద్యం వాళ్ళకి తెలియాలంటే వాళ్ళ దగ్గర కవితల కాపీ ఉండాలి, ఆఖరి పంక్తి కింద గీత ఉండాలి. గీత దాటాక రెండు ఊపిరులు ఆగి ఎత్తుకోవాలి. వెంటనే అందుకుంటే ఆ పంక్తి చచ్చిపోతుంది.

పద్యం సంగతి వేరు. పాడేవారి శ్రుతి ముందే అడగండి. హార్మోనియం మెట్ల లెక్కలో (ఒకటి అంటే C) మగవాళ్ళది మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు, ఆడవాళ్ళది ఐదు, ఐదున్నర, ఆరు. వయొలిన్ సర్దుకోగలదు, వేణువు సర్దుకోలేదు. శ్రుతికో వేణువు ఉండాలి. ఆ అబ్బాయి దగ్గర ఏయే వేణువులున్నాయో కనుక్కుని, ఒకే శ్రుతివాళ్ళని పక్కపక్కన పెట్టి వరస వేయండి. పద్యానికి తాళం ఉండదు కాబట్టి అప్పుడు మృదంగం ఊరుకోవాలి.

మృదంగానికి పని గేయం దగ్గర. గురజాడ ఛందస్సు ముత్యాలసరం తీసుకుంటే పాదానికి 14 మాత్రలు, 3+4 విరుపు (చివరి పాదం కొంచెం పొట్టి). మిశ్రచాపులో (3+4గా నడిచే ఏడు లెక్కల తాళం) చక్కగా కూర్చుంటుంది. మీ ఊరివాడే కనుక మొదటి నెల దానితో మొదలుపెట్టొచ్చు. ఎడమవైపు మూతకి వేసే రవ్వముద్ద ఫ్యాను కింద ఎండిపోయి గుమ్కీ (ఆ వైపు పలికే లోతైన గుమ్ అనే నాదం) పలకదు, కాబట్టి మృదంగాన్ని ఫ్యానుకి దూరంగా కూర్చోబెట్టండి, తడి గుడ్డ పక్కనుంచండి.

మాండలికం కవితలకి వీలైతే జముకు వాయించేవారిని పిలవండి. తీగ లాగి వదులుతుంటే స్వరం జారే ఆ వాద్యం మాట్లాడే యాసకి దగ్గరగా ఉంటుంది. తప్పెటగుళ్ళు మాత్రం మేడ మీద వద్దు. గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, పైగా గెంతులు. అది ఆరుబయట చూడాల్సింది.

గడియారం:
90 నిమిషాలు దాటకూడదు. ఆరుగురికి ఏడేసి నిమిషాలు 42, మధ్య సంగీతం 6, ఒక విడి కచేరీ అంశం 8, అప్పటికప్పుడు పేరిచ్చినవాళ్ళు నలుగురికి మూడేసి చొప్పున 12, పేర్లు పిలవడానికి 5. మొత్తం 73. మిగతా 17 నిమిషాలు ఆలస్యాలు తినేస్తాయి, మిగులుతాయని ఆశపడకండి.

వచన కవిత 25 పంక్తులుంటే తీరిగ్గా చదవడానికి దాదాపు రెండు నిమిషాలు. అంటే ఏడు నిమిషాల్లో మూడు కవితలు. "చిన్న కవిత" అని మొదలుపెట్టి దాని పుట్టుక నాలుగు నిమిషాలు చెప్పేవాళ్ళుంటారు, నేపథ్యం రెండు వాక్యాలేనని ముందే చెప్పండి. కవితలు అయిదు రోజుల ముందు తెప్పించుకుని 16 పాయింట్ల అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీయండి. ఫోన్లో చూసి చదివితే సరిగ్గా మూడో చరణంలో కాల్ వస్తుంది. టైము దాటితే గంట కొట్టొద్దు, ఎలక్ట్రానిక్ తంబురాని మెల్లగా పెంచమనండి.

వేదిక మీద కుర్చీలు వేయకండి. వేస్తే అధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి వచ్చి కూర్చుంటారు, ఆపైన శాలువాలు. నాలుగు ప్రసంగాలు అయ్యేసరికి కవులకి ఆవలింతలే మిగులుతాయి. ఆ డబ్బు వాద్యం పిల్లలకి ఇవ్వండి: ముగ్గురికి వెయ్యేసి 3,000, సౌండుకి 1,800, ప్రింట్లకీ టీకీ 1,200.

హక్కులు: మన కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. గురజాడ 1915లో పోయారు, చింత లేదు. జాషువా (1971) రచనలకి 2031 చివరి దాకా, శ్రీశ్రీ (1983) రచనలకి 2043 చివరి దాకా హక్కులుంటాయి. అయితే అచ్చయిన రచనలోంచి తగినంత భాగం సభలో చదవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షను ఒప్పుకుంటుంది, టికెట్టు లేకుండా ఔత్సాహిక సంఘం చేసే ప్రదర్శనకీ అందులోనే వెసులుబాటు ఉంది. వాటికి బాణీ కట్టి యూట్యూబులో పెట్టాలంటే మాత్రం వారసుల అనుమతి తీసుకోండి. మీ ఆరుగురి దగ్గరా రికార్డింగుకి ఒప్పుకుంటూ రెండు లైన్లు రాయించుకోండి.

కోటదగ్గర:
అందరికీ ధన్యవాదాలండి. శ్రుతిపెట్టె గారూ, వచన కవిత వెనక ఉత్త తంబురా కూడా వద్దంటారా?

శ్రుతిపెట్టె:
తంబురా ఒక్కటే, వినీ వినపడనట్టు అయితే సరే. కానీ కొందరు దాని ఆధారషడ్జం (మూల స్వరం 'స') పట్టుకుని రాగం తీస్తూ చదవడం మొదలెడతారు. రిహార్సల్లో అలా అనిపించినవాళ్ళకి ఆపేయండి.

గడియారం:
ఇంకోటి. టీ మధ్యలో ఇవ్వకండి, ఆఖర్న ఇవ్వండి, అదీ మెట్ల దగ్గర. తర్వాత చదవబోయే కవి మొదటి వరస చివరి కుర్చీలోనే ఉండాలి. వెనక నుంచి నడిచొస్తే మనిషికి అర నిమిషం పోతుంది. కరెంటు పోతే ఎవరు మైకు లేకుండా చదవగలరో టెస్టింగప్పుడే చూసి పెట్టుకోండి, జనరేటర్ వచ్చేదాకా వాళ్ళనే పిలవండి.